బాల్ పైథాన్ చీటీ చదవడం ఎలా: రంగులు, గీతల వెనకున్న జన్యు లెక్క

డాలస్ దగ్గర జరిగే రెప్టైల్ షోలో ఒక తెలుగు కుర్రాడు నన్ను చెయ్యి పట్టుకుని ఒక టేబుల్ దగ్గరికి తీసుకెళ్లాడు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పాము పిల్ల ఉండలా చుట్టుకుని పడుకుంది. డబ్బా మీద చీటీ: "పాస్టెల్ మొహావే, 66% హెట్ క్లౌన్, ఆడ."

"అన్నా, పాము కనపడుతోంది. చీటీ మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈ 66 ఏంటి? మార్కులా?" అన్నాడు.

ఏడేళ్ల కిందట నేనూ అదే ప్రశ్న అడిగాను. ఇంట్లో ఇప్పుడు తొమ్మిది బాల్ పైథాన్లు ఉన్నాయి, మూడుసార్లు గుడ్లు పొదిగించాను. ఆ అబ్బాయికి ఆ రోజు నిలబడి చెప్పిందే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ముందుగా ఒక మాట గట్టిగా పట్టుకోండి: పాము ఒళ్లు సగం సంగతే చెబుతుంది. మిగతా సగం దాని తల్లీతండ్రీ ఎవరన్న దాంట్లో ఉంటుంది. ఈ రెండో సగం తెలియకుండా పాము కొంటే, పేరుకు డబ్బు ఇచ్చినట్టే.

మొదటి అడుగు: మామూలు పామును బాగా చూడండి

రంగురంగుల పాములు చూసే ముందు, ఏ మార్పూ లేని పామును పది నిమిషాలు చూడండి. బాల్ పైథాన్ సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి భూములు. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచే ఎక్కువగా బయటికి వచ్చింది. మూడు నుంచి అయిదు అడుగులు పెరుగుతుంది. భయపడితే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. యూరప్‌లో దీన్నే రాయల్ పైథాన్ అంటారు.

మామూలు పాముకి ముదురు గోధుమ, నలుపు కలిసిన నేల మీద బంగారు గోధుమ రంగు మచ్చలు ఉంటాయి. పక్కల మీద ఉన్న మచ్చల్లో రెండేసి నల్ల చుక్కలు కళ్లలాగా కనిపిస్తాయి. పెంచేవాళ్లు దాన్ని 'ఏలియన్ హెడ్' అంటారు. పొట్ట తెల్లగా, మీగడ రంగులో ఉంటుంది. దీన్ని 'నార్మల్' లేదా 'వైల్డ్ టైప్' అని పిలుస్తారు. ఇక మీదట చూసే ప్రతి మార్ఫ్‌నీ, అంటే జన్యు మార్పుతో రంగో గీతో మారిన ప్రతి రకాన్నీ, దీనితోనే పోల్చాలి. ఏం తగ్గింది? ఏం పెరిగింది? ఏది చోటు మారింది?

నేను దీన్ని వాకిట్లో ముగ్గులా ఊహించుకుంటాను. ముగ్గు వేసే తీరు వేరు, అందులో నింపే రంగులు వేరు. పాము చర్మంలో నల్ల రంగు తయారుచేసే కణాలు ఉంటాయి, పసుపు ఎరుపులు నింపుకునే కణాలు ఉంటాయి, వెలుగును తిప్పికొట్టి మెరిసే కణాలు ఉంటాయి. కొన్ని జన్యువులు రంగు పొడి మీద పనిచేస్తాయి, కొన్ని గీత మీద, కొన్ని అసలు ముగ్గేసే మనిషి మీదే.

అల్బినోలో ముగ్గు ఉంది, నల్ల పొడి లేదు. టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేయకపోవడంతో మెలనిన్ తయారవదు. అందుకే తెల్లటి ఒంటి మీద పసుపు మచ్చలు అలాగే కనిపిస్తాయి, కళ్లు ఎర్రగా ఉంటాయి. ఆక్సాంథిక్‌లో దానికి తిరగబడి పసుపు ఉండదు, నలుపూ బూడిదా తెలుపూ మిగులుతాయి. లూసిస్టిక్‌లో మాత్రం ముగ్గేసే మనిషే రాలేదు: రంగు కణాలు చర్మం దాకా చేరలేదు, వాకిలంతా ఖాళీ. పాము తలనుంచి తోకదాకా తెల్లగా ఉంటుంది, కళ్లు మాత్రం నీలంగానో నల్లగానో ఉంటాయి. కంటి వెనక పొరలోని రంగు కణాలు పిండంలో వేరే చోట పుడతాయి కాబట్టి వాటికి ఆ లోపం అంటలేదు. తెల్ల పాము కనపడగానే అల్బినో అనేయకండి. ముందు కళ్లు చూడండి.

మా అమ్మ వీడియో కాల్‌లో మొదటిసారి మా అల్బినోను చూసి, "ఏరా, దీనికి ఒంట్లో బాగాలేదా? ఆ కళ్లేంటి అలా ఉన్నాయి?" అని కంగారు పడింది. బాగానే ఉందమ్మా, నలుపు చేసే పని ఒక్కటే దానికి రాదు అని చెప్పాను.

రెండో అడుగు: రెండేసి సీట్లు

పదో తరగతి జీవశాస్త్రంలో మెండల్ బఠానీలు గుర్తుంటే ఈ అడుగు సగం అయిపోయినట్టే. గుర్తులేకపోతే ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. పాములో ప్రతి జన్యువుకీ ఒక వరుస ఉంటుంది, వరుసలో సరిగ్గా రెండు సీట్లు. ఒక సీటు తల్లి నింపుతుంది, ఒకటి తండ్రి నింపుతాడు. మూడో మనిషికి చోటు లేదు. ఆ పాము పెద్దదై పిల్లల్ని కన్నప్పుడు, ఆ రెండింట్లో ఏదో ఒకదాన్నే పిల్లకు పంపుతుంది. ఏది వెళ్తుందన్నది నాణెం ఎగరేసినట్టు, సగం సగం.

రెండు సీట్లలోనూ మార్పు చెందిన జన్యువు కూర్చుంటే సమయుగ్మజం. ఒకదాంట్లో మార్పు, ఇంకోదాంట్లో మామూలు ఉంటే విషమయుగ్మజం. పాముల వాళ్లు దీన్నే కుదించి 'హెట్' అంటారు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న: ఒకే సీట్లో మార్పు ఉన్నప్పుడు పాము ఒంటి మీద అది కనిపిస్తుందా? జవాబును బట్టి జన్యువులు మూడు రకాలు.

కనిపించదు అంటే రెసెసివ్, మన పుస్తకాల్లో అంతర్గతం. బ్యాంకు లాకర్ లాంటిది. మీ తాళంచెవి, మేనేజర్ తాళంచెవి రెండూ తిరిగితేనే తెరుచుకుంటుంది. అల్బినో, పైబాల్డ్, క్లౌన్, ఆక్సాంథిక్ ఈ రకం. ఒక్క తాళంచెవి మాత్రమే ఉన్న పాము చూడ్డానికి అచ్చం నార్మల్‌లాగే ఉంటుంది. అల్బినో ఇలా దిగుతుందని 1992లో అమెరికన్ బ్రీడర్ బాబ్ క్లార్క్ గుడ్లు పెట్టించి నిరూపించాడు. ఆ తర్వాతే ఈ మార్ఫుల లోకం తెరుచుకుంది.

ఒక సీటుతో ఒకలా, రెండు సీట్లతో ఇంకోలా కనిపిస్తే అసంపూర్ణ బహిర్గతం. షోల్లో అందరూ కోడామినెంట్ అన్న మాటను కుదించి 'కోడామ్' అనేస్తారు. శాస్త్రం ప్రకారం ఆ మాట సరైంది కాదు గానీ వాడుకలో పాతుకుపోయింది, చీటీ మీద కనిపిస్తే కంగారు పడకండి. పాస్టెల్, మొహావే, లెస్సర్, ఎంచి, సినమన్, ఫైర్, యెల్లోబెల్లీ అన్నీ ఇవే. రెండు సీట్లూ నిండితే 'సూపర్' అని పేరు ముందు చేరుతుంది. పాస్టెల్ ప్రకాశంగా పసుపు, సూపర్ పాస్టెల్ ఇంకా పాలిపోయిన మెత్తటి పసుపు. ఫైర్ సూపర్ అయితే నల్ల కళ్ల తెల్ల పాము. యెల్లోబెల్లీ సూపర్‌ను ఐవరీ అంటారు.

ఒక సీటు ఉన్నా, రెండున్నా దాదాపు ఒకేలా కనిపిస్తే బహిర్గతం. పిన్‌స్ట్రైప్ దీనికి మంచి ఉదాహరణ: రాగి రంగు ఒంటి మీద వీపు పొడవునా సన్నటి గీతలు.

ఈ మూడూ నోటికి వచ్చేదాకా తర్వాతి అడుగుకు వెళ్లకండి.

మూడో అడుగు: కాగితం మీద గుడ్లు పెట్టించండి

జత కలిపే ముందు కాగితం మీద కలపండి. మగ పాస్టెల్, ఆడ పాస్టెల్ అనుకుందాం. తల్లి నుంచి పాస్టెల్ వస్తుందా మామూలు వస్తుందా, తండ్రి నుంచి ఏది వస్తుంది: నాలుగు గడుల పట్టీ గీయండి. ఒక గడిలో రెండూ పాస్టెల్ (సూపర్), రెండు గడుల్లో ఒకటే పాస్టెల్, ఒక గడిలో రెండూ మామూలు. అంటే పాతిక శాతం సూపర్, సగం పాస్టెల్, పాతిక శాతం నార్మల్.

హెట్ క్లౌన్‌తో హెట్ క్లౌన్‌ను కలిపినా పట్టీ అదే, 1:2:1. కాకపోతే మధ్య గడుల్లోని రెండూ, చివరి గడిలోని ఒకటీ మన కంటికి ఒకేలా ఉంటాయి. అక్కడే ఆ 66 పుడుతుంది.

ఇక్కడ మా ఇంట్లో జరిగిన లెక్క చెబుతాను. తండ్రి 'పాస్టెల్ హెట్ క్లౌన్'. తల్లి, మేం ముత్యం అని పిలుచుకునేది, 'మొహావే హెట్ క్లౌన్'. మూడు జన్యువులు, మూడు వేర్వేరు వరుసలు. ఇంత పెద్ద పట్టీ గీయనక్కర్లేదు. ఒక్కో జన్యువుకి విడిగా లెక్క కట్టి గుణించండి:

పిల్లకు పాస్టెల్ వచ్చే వాటా 1/2.
మొహావే వచ్చే వాటా 1/2.
క్లౌన్ కనిపించే వాటా 1/4.

మూడూ కలిసిన 'పాస్టెల్ మొహావే క్లౌన్' కావాలంటే 1/2 × 1/2 × 1/4, అంటే పదహారింట ఒకటి. క్లౌన్ కనిపించని పాస్టెల్ మొహావే వాటా 1/2 × 1/2 × 3/4, పదహారింట మూడు. షోలో ఆ కుర్రాడు చూపించిన చీటీ సరిగ్గా ఇలాంటి జత నుంచి వచ్చిందే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పదహారింట ఒకటి అంటే పదహారు గుడ్లకు ఒకటి గ్యారంటీ అనుకుంటారు. బాల్ పైథాన్ పెట్టేదే సగటున ఆరేడు గుడ్లు. పాతిక శాతం వాటా ఉన్న జన్యువు కూడా, ఆరు పిల్లల్లో ఒక్కదాంట్లోనూ కనిపించకపోయే అవకాశం 18 శాతం. పదహారింట ఒకటి అయితే, ఆరు గుడ్లలో అసలు రాకపోయే అవకాశం 68 శాతం. మనసు గట్టి చేసుకుని మొదలుపెట్టండి.

ముత్యం ఏడు గుడ్లు పెట్టింది. ఒకటి స్లగ్, అంటే జీవం పట్టని పచ్చటి ముద్ద. మిగిలిన ఆరింటినీ 31.5 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో పెట్టాను. 57వ రోజు పొద్దున మూత తీస్తే, తోలులాంటి గుడ్డు పెంకు మీద బ్లేడుతో గీసినట్టు ఒక చీలిక. అందులోంచి తెల్లటి జిగురు కారుతోంది. చీలిక చివర ముక్కు ఒక్కటే బయటికొచ్చి ఊపిరి తీస్తోంది, మళ్లీ లోపలికి పోతోంది. పిల్ల పాము పై పెదవి మీదున్న చిన్న పంటితో లోపలినుంచి కోసుకుంటుంది, ఆ పన్ను తర్వాత రాలిపోతుంది. అలా ఒక రోజంతా తల బయటా ఒళ్లు లోపలా పెట్టుకుని కూర్చున్నాయి. కత్తిరించి బయటికి లాగాలని చెయ్యి ఎంత దురద పెట్టినా, వదిలేయండి. పచ్చసొన పూర్తిగా పీల్చుకునేదాకా వాటిని అలాగే ఉండనివ్వాలి.

బయటికొచ్చినవి: రెండు నార్మల్ రూపంలోవి, ఒక పాస్టెల్, రెండు పాస్టెల్ మొహావేలు, ఒక మొహావే క్లౌన్. నేను కలగన్న పాస్టెల్ మొహావే క్లౌన్ రాలేదు.

నాలుగో అడుగు: హెట్ శాతాలను నమ్మకంగా చదవండి

హెట్ క్లౌన్ × హెట్ క్లౌన్ జతలో క్లౌన్‌గా కనిపించని పిల్లలు ముగ్గురుంటే, అందులో ఇద్దరి దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. ఎవరి దగ్గరుందో కంటికి తెలియదు. కాబట్టి ముగ్గురికీ '66% హెట్' అని రాస్తారు. పాములో జన్యువు 66 శాతం ఉందని దాని అర్థం కానే కాదు. ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే పూర్తిగా ఉండదు.

తల్లిదండ్రుల్లో ఒకరే హెట్, ఇంకొకరు నార్మల్ అయితే పిల్లలు '50% హెట్'. ఒకరు కనిపించే క్లౌన్, ఇంకొకరు నార్మల్ అయితే, పిల్లలందరూ '100% హెట్'. ఆ క్లౌన్ దగ్గర పంపడానికి రెండు సీట్లలోనూ క్లౌనే ఉంది మరి.

నాకు తగిలిన దెబ్బ ఇక్కడిదే. నా రెండో ఏట ఒక అమ్మకందారు దగ్గర '66% హెట్ పైడ్' (పైడ్ అంటే పైబాల్డే) ఆడపాము కొన్నాను. మూడేళ్లు పెంచాను. ఆడపాము 1,500 గ్రాములు దాటేదాకా, మూడేళ్ల వయసు వచ్చేదాకా జత కట్టించకూడదన్నది నా నియమం. ఆ తర్వాత పైబాల్డ్ మగతో కలిపాను. ఆరు పిల్లలు, ఆరూ నార్మల్. కూర్చుని లెక్క కట్టాను. అది నిజంగా హెట్ అయితే ప్రతి పిల్లకూ సగం అవకాశం పైడ్‌గా పుట్టడానికి. ఆరుసార్లూ నాణెం బొమ్మే పడే అవకాశం 64లో 1. మొదట ఉన్న మూడింట రెండు వంతుల ఆశను దీనితో కలిపి చూస్తే, అది హెట్ అయ్యుండే అవకాశం ఇప్పుడు దాదాపు 3 శాతం. అమ్మినవాళ్లను అడిగితే తల్లిదండ్రుల ఫొటోలు ఎక్కడో పోయాయన్నారు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది, నేను అడగాల్సింది మూడేళ్ల ముందు.

కానీ ఆ రోజు రాత్రి ఇంకో సంగతి గమనించి ఊరట పడ్డాను. తండ్రి కనిపించే పైడ్ కదా, ఆ ఆరు పిల్లలూ 100% హెట్ పైడ్. శాతాల గొడవ లేదు. అనుమానం ఉన్న పామును నిరూపించాలనుకుంటే, హెట్‌తో కాకుండా కనిపించే రెసెసివ్‌తోనే కలపండి. జవాబు త్వరగా తేలుతుంది, పిల్లలకూ ఖచ్చితమైన చీటీ దొరుకుతుంది.

హెట్ పైడ్‌కి తోక దగ్గర పట్టాల్లా రెండు గీతలు ఉంటాయని, చూసి చెప్పేయొచ్చని అంటారు. హెట్‌లకూ ఉంటాయి, హెట్ కాని నార్మల్స్‌కీ ఉంటాయి. దాన్ని ఆనవాలుగా చూడండి, రుజువుగా మాత్రం తీసుకోకండి.

ఇప్పుడు దీనికన్నా మంచి దారి వచ్చింది: కుబుసం. అమెరికాలో ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో హన్నా సైడెల్ బృందం, పాములు పెంచేవాళ్లు పంపిన కుబుసాల నుంచి డీఎన్‌ఏ తీసి, అల్బినో, లావెండర్ అల్బినో, అల్ట్రామెల్ అన్న మార్ఫుల వెనకున్న జన్యువులను గుర్తించి 2022లో ప్రచురించింది. అల్బినోకు టైరోసినేజ్ జన్యువు, లావెండర్‌కు ఓసీఏ2. మనుషుల్లో పుట్టుకతో వచ్చే తెల్లదనానికి కారణమయ్యేవీ ఈ జన్యువులే. ఆ తర్వాత పైబాల్డ్‌కు టీఎఫ్ఈసీ అన్న జన్యువు కారణమని తేలింది. ఇవాళ కొన్ని మార్ఫులకు కుబుసం ముక్కతో హెట్ అవునో కాదో చెప్పే ల్యాబులు ఉన్నాయి. మూడేళ్లు ఎదురుచూసే కన్నా, పాము విడిచిన పొరను ఆరబెట్టి కవర్లో పెట్టి పంపడం ఎంత తేలిక!

అయిదో అడుగు: ఒకే వరుస కోసం పోటీపడే జన్యువులు

ఇది తెలిస్తే మీరు సగం మంది అమ్మకందార్ల కన్నా ముందున్నట్టే. మొహావే, లెస్సర్, బటర్, రూసో, ఫాంటమ్, మిస్టిక్, బాంబూ. పేర్లు వేరు, రూపాలు వేరు, కూర్చునే వరుస ఒక్కటే. ఈడీఎన్ఆర్‌బీ1 అన్న ఒకే జన్యువులో వేర్వేరు మార్పులివి. వరుసలో రెండే సీట్లు కాబట్టి, ఏ పాములోనైనా వీటిలో రెండే ఉండగలవు. 'లెస్సర్ మొహావే మిస్టిక్' అని చీటీ కనిపిస్తే వెనక్కి నడవండి. అలాంటి పాము పుట్టదు.

రెండు సీట్లలో వేర్వేరు చుట్టాలు కూర్చున్నప్పుడు అసలు అందం బయటపడుతుంది. లెస్సర్‌ను మొహావేతో కలిపితే, పాతిక శాతం పిల్లలు నీలి కళ్ల తెల్ల పాములు. మొహావే రెండూ అయితే తెల్లటి ఒళ్లు, తల మీద బూడిద రంగు నీడ. మొహావే, మిస్టిక్ కలిస్తే వంగపండు ఛాయ, దాని పేరు మిస్టిక్ పోషన్. రంగు కణాలు ఎంత దూరం చేరగలిగాయన్న తేడానే మన కళ్ల ముందు ఇన్ని రంగులుగా పరుచుకుంటుంది.

ఇలాంటి కుటుంబాలు ఇంకా ఉన్నాయి. యెల్లోబెల్లీ, గ్రావెల్, అస్ఫాల్ట్, స్పెక్టర్ ఒకటి. సినమన్, బ్లాక్ పాస్టెల్ ఒకటి. ఫైర్, వనిల్లా ఒకటి. రెసెసివ్‌లోనూ ఉంది: అల్బినో, క్యాండీ ఒకే వరుస, రెండూ కలిస్తే క్యాండినో.

దీనికి తిరగబడిన ఉచ్చు ఆక్సాంథిక్. వీపీఐ, టీఎస్‌కే, ఎంజే అని రకాలున్నాయి. చూడ్డానికి అన్నీ బూడిద పాములే. కానీ వీపీఐని టీఎస్‌కేతో కలిపితే పిల్లలు నార్మల్‌గా పుడతాయి, ఎందుకంటే అవి వేర్వేరు వరుసలు. ఆక్సాంథిక్ కొంటే ఏ లైన్ అని అడక్కుండా డబ్బు తియ్యకండి. స్నో కావాలనుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. స్నో అంటే అల్బినో, ఆక్సాంథిక్ రెండూ కలిసిన పాము. రెండింటికీ హెట్ అయిన జతనుంచి పదహారింట ఒకటి.

ఆరో అడుగు: ముద్దు పేర్లను విప్పండి

పాస్టెల్ స్పైడర్‌ను బంబుల్‌బీ అంటారు. పాస్టెల్ పిన్‌స్ట్రైప్ లెమన్ బ్లాస్ట్. పాస్టెల్ సినమన్ ప్యూటర్. మొహావే ఫాంటమ్ పర్పుల్ పాషన్. పేరు కనిపిస్తే ముందు అందులోని జన్యువులు విడదీసి రాసుకోండి, తర్వాతే లెక్క. అంతకు మించి ఇందులో ఏమీ లేదు.

ఏడో అడుగు: బనానా, మగ పిల్లల రహస్యం

బనానా అంటే నారింజ పసుపు ఒంటి మీద లేత ఊదా. పెరిగేకొద్దీ మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు వస్తాయి. ఇది పిల్లలకు దిగే తీరులో ఒక వింత ఉంది. కొన్ని మగ బనానాలకు పుట్టే బనానా పిల్లలు దాదాపు అన్నీ మగవే. ఇంకొన్నింటికి దాదాపు అన్నీ ఆడవే. పాముల్లో ఆడదే లింగాన్ని నిర్ణయిస్తుందని ఎన్నో ఏళ్లు నమ్మారు, ఆ లెక్కలో ఇది ఇమడలేదు. పైథాన్లలోనూ బోవాల్లోనూ మనుషుల్లాగే ఎక్స్, వై క్రోమోజోములు ఉన్నాయని 2017లో తేలింది.

బనానా జన్యువు ఆ లింగ క్రోమోజోముల మీదే కూర్చుంటుంది. మీ మగ బనానాకు ఆ జన్యువు తండ్రినుంచి వస్తే వై మీద ఉంటుంది, దాన్ని కొడుకులకు పంపుతుంది: మేల్ మేకర్. తల్లినుంచి వస్తే ఎక్స్ మీద ఉంటుంది, కూతుళ్లకు పంపుతుంది: ఫీమేల్ మేకర్. అప్పుడప్పుడు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి కాబట్టి నూటికి నూరు కాదు. ఆడ బనానాకు ఈ తేడా లేదు. మగ బనానా కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "బనానా తల్లా, తండ్రా?"

ఎనిమిదో అడుగు: పాముకు నొప్పి కలిగించే అందం

దీన్ని చివర్లో పెట్టినా, జత ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఇదే.

ఒక స్నేహితుడి ఇంట్లో స్పైడర్ మార్ఫ్‌కు మేత పెట్టడం చూశాను. సన్నటి నల్ల గీతలు, తెల్లటి పక్కలు, నిజంగా సాలెగూడులా అందమైన పాము. ఎలుకను చూడగానే తల పైకెత్తింది. ఆ తల మెల్లగా పక్కకు ఒరిగి, ఇంకా తిరిగి, గడ్డం పైకి వచ్చేసింది. పాము ఎలుక మీదకి దూకింది, నాలుగు వేళ్ల దూరంలో గాలిని కరిచింది. మళ్లీ తల సరిచేసుకుంది, మళ్లీ ఒరిగింది. నాలుగోసారికి అందుకుంది. దీన్ని 'వాబుల్' అంటారు. 2022లో వెలువడిన ఒక స్కానింగ్ పరిశోధనలో స్పైడర్ల లోచెవిలో, తూకం చూసే భాగాలే వికృతంగా ఏర్పడ్డాయని తేలింది. ఇది ఆ జన్యువుతో కలిసే వస్తుంది. ఎక్కువ తక్కువలుంటాయి తప్ప, గీతను ఉంచి జబ్బును తీసేయడం కుదరలేదు. షాంపేన్, హిడెన్ జీన్ వోమా అన్న మార్ఫుల్లోనూ ఇదే బాధ. స్పైడర్, షాంపేన్ కలిసిన పిల్లలు బతకవు.

సూపర్ సినమన్, సూపర్ బ్లాక్ పాస్టెల్ పిల్లల్లో బాతు ముక్కులాంటి మూతి, వెన్ను వంకర కనిపించవచ్చు. కారమెల్ అల్బినోలో వెన్ను వంకర. సూపర్ లెస్సర్‌లో కళ్లు ఉబ్బి ఉండొచ్చు. డెజర్ట్ ఆడపాములకు గుడ్ల దగ్గర ప్రాణం మీదకి వస్తుంది, వాటిని జత కట్టించకూడదు.

నా ఇంట్లో స్పైడర్ జత ఎప్పటికీ కలవదు. ఇన్ని వందల రంగులు ఉండగా, తన తల తాను నిలబెట్టుకోలేని పామును పుట్టించడానికి నాకు మనసొప్పదు. ఇప్పటికే పుట్టిన స్పైడర్‌ను ఇంటికి తెచ్చి బాగా చూసుకునేవాళ్లను మాత్రం మెచ్చుకుంటాను.

తొమ్మిదో అడుగు: పుట్టిన పిల్లను గుర్తుపట్టడం, రాసిపెట్టడం

గుడ్డులోంచి వచ్చిన రోజే పేరు పెట్టకండి. వారం పది రోజుల్లో మొదటి కుబుసం వదులుతుంది, అసలు రంగు అప్పుడు కనిపిస్తుంది. పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి వరుసగా చూడండి: తల మీది ముద్ర, కన్ను, పక్కల మచ్చలు, పొట్ట అంచు. పాస్టెల్ కళ్లు ఆకుపచ్చగా ఉంటాయి. మొహావే పక్కల మచ్చల్లో రెండు చుక్కలకు బదులు ఒక్కటే ఉంటుంది, తాళం రంధ్రంలా. క్లౌన్‌కి వీపు మీద వెడల్పాటి గీత, కంటి కింద కన్నీటి చుక్క. యెల్లోబెల్లీని మాత్రం పొట్ట అంచు తిప్పి చూస్తే తప్ప పట్టుకోలేరు, ఎంతోమంది దాన్ని నార్మల్ అని అమ్మేశారు.

వింత గీతలతో పిల్ల పుట్టగానే కొత్త జన్యువు దొరికిందని సంబరపడకండి. ఇంక్యుబేటర్ వేడి ఎక్కువ తక్కువలైనా గీతలు చెదురుతాయి. ఆ పిల్ల పెద్దదై, తన పిల్లలకు ఆ గీతను ఇచ్చాకే అది జన్యువు.

ఇంకొకటి: ఆడపాము మగపాము వీర్యాన్ని కిందటి ఏడాదిది కూడా దాచుకోగలదు. అందుకే కార్డులో ఈ ఏడాది తండ్రినే కాదు, కిందటేడు ఎవరితో కలిపారో కూడా రాయండి. నా కార్డులో ఉండేవి: తల్లి, తండ్రి, వాళ్లిద్దరి ఫొటోలు, గుడ్లు పెట్టిన తేదీ, పొదిగిన తేదీ, కనిపించే జన్యువులు, అనుమానపు హెట్‌లు శాతంతో సహా, మొదటి కుబుసం ఒక కవర్లో. మార్ఫ్‌మార్కెట్ లాంటి సైట్లలో లెక్క కట్టిపెట్టే కాలిక్యులేటర్లు ఉన్నాయి, వాడండి. మీరు చేత్తో కట్టిన లెక్కతో అది కలుస్తుందో లేదో చూసుకోవడానికి వాడండి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి చదివేవాళ్లకు

మన కొండచిలువ వేరు, ఇది వేరు. కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉంది, ఇంట్లో పెంచడం నేరం. బాల్ పైథాన్ విదేశీ పాము, వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, ఇలాంటి విదేశీ ప్రాణులను కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా తెలపాలి. బ్యాంకాక్ నుంచి వచ్చే సామాన్లలో, సంచుల్లో కట్టిన బాల్ పైథాన్లు చెన్నై విమానాశ్రయంలో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. కాగితాలు లేని పాము ఎంత అందమైనదైనా, అలాంటి సంచిలోంచే వచ్చి ఉండొచ్చు. తల్లిదండ్రుల వివరం అడగమన్నది జన్యు లెక్క కోసమే కాదు, ఇందుకు కూడా.

షోలో ఆ కుర్రాడు చివరికి ఆ డబ్బా కొనలేదు. అమ్మే ఆయన దగ్గర తల్లిదండ్రుల ఫొటోలు ఉన్నాయా అని అడిగాడు, ఉన్నాయి. రెండూ హెట్ క్లౌన్ అనడానికి రుజువేంటని అడిగాడు. ఆయన ఫోన్ తీసి, అదే గుడ్ల నుంచి పుట్టిన ఒక క్లౌన్ పిల్లను చూపించాడు. మావాడు ఇంటికెళ్లి లెక్క కట్టుకుని వస్తానన్నాడు.

ముత్యం పిల్లల్లో ఆ రెండు పాస్టెల్ మొహావేల్లో ఆడదాన్ని నేనే ఉంచుకున్నాను. నిన్న తూచితే 1,480 గ్రాములు. కార్డులో తల్లి గడి, తండ్రి గడి నిండుగా ఉన్నాయి. 'హెట్ క్లౌన్' గడిలో పెన్సిల్‌తో 66 అని ఉంది. దాని తాజా కుబుసం ఆరబెట్టి కవర్లో పెట్టాను, సోమవారం పోస్టు చేయాలి.